మేనమామ కత్తెర

పెద్దపల్లిలో రైలు గేటు దాటి రైస్ మిల్లుల వైపు పోయే దారిలో ఒక చిన్న చర్చి ఉంది. దాన్ని ఆనుకొని రేకుల కప్పు వేసిన రెండు గదులు, ముందర ఒక కానుగ చెట్టు, నీళ్ల కోసం ఒక చేతి పంపు. బోర్డు మీద ‘ఎబెనెజరు శిశు విహార్’ అని రాసి ఉంటుంది కానీ అందరూ దాన్ని చర్చి బడి అనే అంటారు. పొద్దున ఎనిమిదిన్నరకు తీస్తారు, సాయంత్రం ఆరుకు మూస్తారు. ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు పంతొమ్మిది మంది ఉంటారు. వాళ్ల తల్లులు కొందరు మిల్లుల్లో వడ్లు ఎండబోస్తారు, కొందరు బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడతారు, కొందరు ఆసుపత్రుల్లో పనిచేస్తారు.

అక్షరాలు, పాటలు మంజుల టీచర్ చూసుకుంటుంది. మిగతా పనంతా అనసూర్యది. ముక్కులు తుడవాలి, అన్నం తినిపించాలి, చెడ్డీలు మార్చాలి, ఆడపిల్లలకు జడలు వేయాలి. అన్నిటికన్నా కష్టమైన పని మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తుంది. పంతొమ్మిది మందినీ ఒక్కసారే నిద్రపుచ్చాలి.

దానికి అనసూర్య ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్త పిల్ల చేరిన రోజు ఫోటోలు, ఆధార్ కాగితాలు మంజుల టీచర్ అడుగుతుంది. అనసూర్య తల్లిని పక్కకు పిలిచి ఒక్కటే అడుగుతుంది.

“నువ్వు కట్టి ఇడిసిన పాత చీర ఒకటి తే. ఉతకకు. గట్లనే తే.”

“ఉతకకుండనా, ఆయమ్మా?”

“ఉతికితే సబ్బు వాసన వస్తది. పిల్లకు సబ్బెందుకే, తల్లి వాసన గావాలె గని.”

ఆ చీరను నాలుగు పొరలు మడిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్లు వేసి, అంచులు మిషన్ మీద కుట్టి చిన్న బొంత చేస్తుంది. ఆ బొంత ఆ పిల్లకే. మధ్యాహ్నం దాని మీద పడుకోబెడితే మొదటి రెండు రోజులు ఏడుస్తుంది. మూడో రోజు ముఖం బొంతలో పెట్టుకొని నిద్రపోతుంది. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

కుట్టు కూడా ఎవరూ నేర్పలేదు. సుల్తానాబాద్ దగ్గర పల్లె నుంచి పదిహేడేళ్లకు కొమురెల్లిని పెళ్లి చేసుకొని ఆమె ఈ ఊరికి వచ్చింది. కొమురెల్లి దర్జీ. మల్లన్న దేవుని పేరు పెట్టుకున్న ఇల్లు, ఏటా బోనం తీసిన ఇల్లు. కొమురెల్లి అన్న జబ్బు పడి తేరుకున్న ఏడాది నుంచి ఆ ఇంటివాళ్లు చర్చికి పోవడం మొదలుపెట్టారు. కొమురెల్లి పేరు మాత్రం మార్చుకోలేదు. “పిలిచేటోళ్లకు అలవాటు తప్పుతది” అనేవాడు. పెళ్లానికి మిషన్ ముట్టనిచ్చేవాడు కాదు. “ఆడోళ్లకు గుండీలు కుట్టుడు చాలు” అనేవాడు. అతడు అన్నానికి లేచినప్పుడు అనసూర్య పాత చొక్కాలను కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో చూసి, మళ్లీ కుట్టేది. మూడో చొక్కాకు చేయి కుదిరింది. అతడు చనిపోయినప్పుడు ఆ కాలి మిషన్ ఆమెకు మిగిలింది. దానితోనే చర్చి బడికి వచ్చింది. పద్దెనిమిదేళ్లయింది.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఇన్నేళ్లలో ఆమె మిషన్‌ను నేను విప్పింది రెండే సార్లు. శనివారం శనివారం నూనె పడే మిషన్‌కు మెకానిక్‌తో పని ఉండదు. ఆ ఒక్క శనివారం జరిగిన దానికి కూడా మిషన్ తప్పేమీ లేదు.

పిల్లల్లో సన్నీ అనే బాబు ఉన్నాడు. తల్లి నవనీత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, తండ్రి శ్యాంసుందర్ మిల్లు లారీ నడుపుతాడు. సన్నీ ఏడో నెలలోనే పుట్టాడు. నెల రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ నెలలో నాయనమ్మ కిష్టవ్వ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. పిల్లవాడు దక్కితే మూడేళ్లు నిండేదాకా తలకు కత్తెర తగలనివ్వనని, ఆ తర్వాత శివరాత్రి రాకముందే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు ఇస్తానని.

ఇది తెలియని వాళ్లు మా వైపు ఉండరు. ఆ మొక్కులో మొదటి మూడు కత్తెరలు మేనమామ వేయాలి. కొత్త బట్టలు తెచ్చేదీ, పిల్లవాణ్ని ఒళ్లో పట్టుకునేదీ అతడే. ఆ మూడు కత్తెరలు పడ్డాకనే క్షురకుడు కత్తి పెడతాడు. సన్నీ మేనమామ రాకేశ్ దోహాలో ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు. సెలవు రెండుసార్లు వాయిదా పడింది. ఫిబ్రవరిలో వస్తానన్నాడు.

ఇంతలో జుట్టు నడుము దాకా పెరిగింది. పిల్లలు “సన్నీ అక్కా” అని ఏడిపించేవాళ్లు. అనసూర్య రోజూ పొద్దున రెండు జడలు వేసి, పైకి మడిచి, రిబ్బను లేకుండా నల్లదారంతో కట్టేది. “అక్క గాదురా, మొక్కు బిడ్డ” అని వాళ్లకు చెప్పేది.

ఆ శనివారం జనవరి నెలాఖరు. కిష్టవ్వ పొద్దున్నే మనవడికి తలంటి పంపింది. జుట్టు తడిగా ఉంది. తడి జుట్టుకు జడ వేస్తే ముక్క వాసన వస్తుంది, పేలు పడతాయి. ఆరనిద్దామని అనసూర్య విరబోసి వదిలింది. మధ్యాహ్నం అన్నాల ముందు పిల్లలు చేతులు జోడించి ప్రార్థన చెప్పారు. సన్నీ అందరికన్నా గట్టిగా “ఆమెన్” అన్నాడు, అందరికన్నా ముందు గుడ్డు తిన్నాడు. తర్వాత అందరూ పడుకున్నారు. అనసూర్య కొత్తగా చేరిన పాప బొంతకు అంచు కుట్టడానికి మిషన్ ముందు కూర్చుంది.

సన్నీ నిద్రపోలేదు. వాడికి మిషన్ కింద తిరిగే పెద్ద చక్రం అంటే ఇష్టం. బొంత మీద నుంచి పాక్కుంటూ వచ్చి, ఆమె కుర్చీ వెనక నుంచి బల్ల కిందికి దూరాడు. ఆమె కళ్లు సూది మీద ఉన్నాయి. విరబోసిన జుట్టు తోలు బెల్టుకు, చక్రానికి నడుమ పడింది.

వాడు కేక పెట్టాడు. ఆమె కాలు వెంటనే ఆగింది, చక్రమూ ఆగింది. పిల్లలందరూ లేచి ఏడుపు అందుకున్నారు. అనసూర్య బల్ల కిందికి వంగింది. కుడి చెవి దగ్గర నుంచి బొటనవేలంత జుట్టు బెల్టు కిందికి పోయి ఉంది, పిల్లవాడి తల చక్రానికి ఆని ఉంది. దారం తెంపడానికి పట్టుకున్న కత్తెర ఆమె చేతిలోనే ఉంది. ఒక్క కోత. సన్నీ బయటపడ్డాడు.

వాణ్ని ఎత్తుకొని, తల నిమిరి, రక్తం లేదని చూసుకొని, నీళ్లు తాగించింది. అప్పుడు బల్ల కిందికి చూసింది. జుట్టు ముక్క బెల్టుకు వేలాడుతోంది. ఆమె చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పింది. అర చుట్టు తిరగకముందే జుట్టు జారి ఆమె అరచేతిలో పడింది.

ముప్పై ఏళ్లుగా తెలిసిన మిషన్. వెనక్కి తిప్పితే వదులుతుందని తెలుసు. తప్పదనుకుంటే బెల్టు కోయవచ్చు, బజారులో దొరికే బెల్టు. కోసింది జుట్టును.

మంజుల టీచర్ పక్క గదిలోంచి పరుగున వచ్చింది. కుడి చెవి పక్కన పొట్టిగా నిలబడ్డ జుట్టు చూసి తలుపు పట్టుకొని నిలబడిపోయింది.

“అక్కా... గిదేం పని?”

అనసూర్య అంతా చెప్పింది. మంజుల గొంతు తగ్గించింది.

“ఇరుక్కున్నది, ఇంకో దారి లేకుండె అని చెప్దాం. గంతే.”

“దారి ఉండె, టీచరమ్మా.”

“గా మాట నీ నోట్లకెల్లి రావొద్దు. పోయినేడు నలుగురొచ్చి గేటు కాడ నిలవడి పిల్లలకు ఏం నేర్పుతున్నరని అడగలేదా? ఇప్పుడు చర్చోల్లు మొక్కు జుట్టు కోసిన్రంటే ఏమైతదో చూడు. పంతొమ్మిది మందిల పద్నాలుగు మంది దేవుళ్లకు మొక్కే ఇండ్లోల్లే. ఇంక బడేం నడుస్తది?”

అనసూర్య ఉతికిన తెల్ల గుడ్డముక్కలో జుట్టును చుట్టి, నల్లదారంతో ముడి వేసి, కొంగున కట్టుకుంది.

ఐదున్నరకు నవనీత వచ్చింది. కొడుకును దగ్గరికి లాక్కొని చెవి పక్కన తడిమింది.

“ఆయమ్మా, మా అత్తమ్మకు ఏమని చెప్పాలె? రాకేశ్ వచ్చేదాకా దువ్వెన కూడా జాగ్రత్తగ పెట్టుమంటది ఆమె.”

“నువ్వేం చెప్పకు. నేనొస్త పా.”

ముగ్గురూ నడిచి పోయారు. కిష్టవ్వ అరుగు మీద చాట ముందర పెట్టుకొని బీడీలు చేస్తోంది. అరవై ఐదేళ్ల మనిషి. కొలత రేకు ఆకు మీద పెట్టి, చుట్టూ కత్తెర తిప్పి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టేదాకా కళ్లు చాట మీద ఉండవు. వచ్చేవాళ్ల మీదనే ఉంటాయి. మనవడు గేటు దాటకముందే ఆమె చేయి ఆగింది.

“గా చెవి కాడ ఏమైందే?”

అనసూర్య అరుగు కిందనే నిలబడి చెప్పింది. మొదలు పెట్టిన చోటి నుంచి చివరిదాకా చెప్పింది.

“నీ చేతులిరుగ!” కిష్టవ్వ చాట పక్కకు తోసింది. “మూడేండ్లు కండ్లల్ల పెట్టుకొని సాదుకున్న. వాని మామ వచ్చి ఏసే కత్తెర, నువ్వెవతివే ఏసుటానికి?”

అనసూర్య తల వంచుకుంది. కిష్టవ్వ అరుగు దిగి దగ్గరికి వచ్చింది.

“నేల వడ్డదా?”

“పడలే అక్కా. బెల్టుకే ఉండె. నా చేతుల పడ్డది. గిండ్ల కట్టిన.”

అనసూర్య కొంగు ముడి విప్పింది. కిష్టవ్వ మూట తీసుకుంది. విప్పి చూడకుండా రొంటిన దోపుకుంది.

“మిషిని మింగిందా? గుంజితే రాకుండెనా?”

నవనీత అనసూర్య మోచేయి పట్టుకుంది. దారిలో మంజుల ఫోన్ చేసి, ఇంకో దారి లేకపోయిందనే అనమని ఆమెకూ చెప్పింది.

“మింగలే” అంది అనసూర్య. “పట్టుకున్నది, గంతే. చక్రం ఎనుకకు తిప్పితే ఊడొచ్చు. పిల్లగాడు మొత్తుకున్నడు, చేతిల కత్తెర ఉండె, కోసిన. కోసినంక తిప్పి చూసిన. వచ్చింది.”

కిష్టవ్వ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత గేటు వైపు చేయి చూపింది.

“పో. మా పిల్లగాడు ఇగ రాడు.”

సోమవారం సన్నీ రాలేదు. వాడితో పాటు ఇంకో ఐదుగురు రాలేదు. మంగళవారానికి రానివాళ్లు ఎనిమిది మంది అయ్యారు. బడికి ఎదురుగా హనుమండ్లు చాయ్ దుకాణం ఉంది. ఆయన మనవరాలు దీపిక కూడా చర్చి బడిలోనే ఉండేది. మొట్టమొదట పిల్లను మాన్పించింది ఆయనే. చాయ్‌కి వచ్చిన ప్రతివాడికీ కథ చెప్పి చివర ఒక మాట అంటించేవాడు.

“ఇయ్యాల జుట్టు కోసిన్రు. రేపు పేర్లు మారుస్తరు, చూసుకోండ్రి.”

ఆ మాట గేటు లోపలికి వినపడేది. మంజుల కిటికీ మూసేది. అనసూర్య తెరిచేది. “పిల్లలకు ఉక్కపోస్తది” అనేది.

పిల్లలు తగ్గేకొద్దీ పని తగ్గాలి. ఆమెకు తగ్గలేదు. రాని పిల్లల బొంతలు ఎండలో వేసి, దులిపి, మడిచి, ఎవరిది వాళ్ల గూట్లో పెట్టేది. ఖాళీ గూళ్ల ముందు నిలబడి మంజుల ఒకసారి గట్టిగానే అంది.

“నువ్వు గా ఒక్క మాట అనకపోతే గిట్ల కాకపోవు, అక్కా. నిన్ను తీసెయ్యుమని సంఘం పెద్దలు కూడ అంటున్నరు. నేనేం చెప్పాలె వాళ్లకు?”

“తప్పు నాది. వాళ్లన్నట్టే చెయ్యి. పిల్లలు వస్తరంటే నేను పోత.”

మంజుల కళ్లు తుడుచుకుంది. “నువ్వు పోతే వీళ్లను పండవెట్టేదెవలు?”

బుధవారం మధ్యాహ్నం హనుమండ్లు రోడ్డు దాటి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. భుజాన తువ్వాల, ముఖం అటు తిప్పుకొని ఉన్నాడు.

“ఏంది, హనుమండ్లన్నా?” అంది మంజుల.

“ఏం లేదు. పిల్ల పండుతలేదు. మూడు దినాలాయె, పగటి పూట రెప్ప మూస్తలేదు, దుకాణంల గిలాసలన్నీ పలగ్గొడ్తున్నది. గా బొంత ఉంటది గదా... దీపికది... జర ఇయ్యరాదు.”

“పిల్ల రాదు గని బొంత గావాల్నా? ఇయ్యం. బొంత గావాల్నంటే పిల్లను తోలు.”

అప్పటికే అనసూర్య బొంత తీసుకొని వచ్చింది. నాలుగు మడతల్లో ఉంది.

“అక్కా!” అంది మంజుల.

“దీన్ల చీర వాళ్ల కోడలిది, టీచరమ్మా. మనదెట్లయితది?” హనుమండ్లు చేతిలో పెట్టింది. “ఎడమ దిక్కు తలపెట్టు అన్నా. కుడి దిక్కు పిల్ల లాగి లాగి కుట్టు సడలింది. ఆదివారం పంపు, సరిచేస్త.”

హనుమండ్లు ఆ సాయంత్రం చాయ్ దుకాణంలో కథ మాత్రం చెప్పాడు కానీ చివరి మాట లేకుండా చెప్పాడు.

గురువారం పొద్దున కిష్టవ్వ సన్నీని చంకనెత్తుకొని బడికి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా మిషన్ ఉన్న గదిలోకి పోయి, బల్ల ముందు నేల మీద కూర్చుంది.

“ఎట్ల పట్టుకున్నదో చూపియ్యి.”

అనసూర్య నల్లదారం కట్ట ఒకటి తెచ్చి, చక్రానికి బెల్టుకు నడుమ పెట్టి, కాలి పలకను ఒకసారి తొక్కింది. దారం లోపలికి పోయి బిగుసుకుంది. కిష్టవ్వ ముందుకు వంగి, పట్టి గుంజింది. రాలేదు.

“ఇప్పుడు తిప్పు.”

అనసూర్య చక్రాన్ని వెనక్కి తిప్పింది. దారం జారి కింద పడింది. కిష్టవ్వ దాన్ని తీసి వేళ్ల మధ్య నలిపింది.

“గింత అల్కగ వస్తది.”

“వస్తది అక్కా.”

“మరి నేనడిగిన్నాడు మిషిని మింగిందని అంటే అయిపోవు గదనే. నాకు మిషిని సంగతి తెల్వది. నమ్ముదును.”

అనసూర్య బెల్టు మీద చేయి పెట్టింది. “ముప్పై ఏండ్ల సంది నాకు బువ్వ పెడ్తున్నది. నేను చేసినదాన్ని దీని మీద ఎట్లేద్దు?”

కిష్టవ్వ తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. కత్తెర పట్టీ పట్టీ అక్కడ కాయ కాసి ఉంది.

“చెయ్యి గట్లనే పోతది” అంది చివరికి. “చేతిల కత్తెర ఉన్నంక ఎటు గావాల్నంటే అటు పోతది. నేను ఒకపారి ఆకనుకొని నా చీర కొంగు కోసిన.”

సన్నీ అప్పటికే బల్ల కిందికి పోతున్నాడు. ఇద్దరూ ఒక్కసారే వాడి కాళ్లు పట్టుకొని వెనక్కి లాగారు.

“రాకేశ్ రాడట” అంది కిష్టవ్వ. “నిన్న ఫోన్ చేసిండు. కంపెనోల్లు మల్ల సెలవియ్యలేదట. శివరాత్రి వస్తున్నది. మాటిచ్చిన దేవునికి ఏమని చెప్పాలె? రాత్రంత నిద్ర లేదు.”

“మరెట్ల?”

“ఎట్ల అంటే?” కిష్టవ్వ గొంతు పెరిగింది. “ఒక కత్తెర ఏసినవు గదా. మొదటి కత్తెర ఎవలేస్తే మామ వాళ్లే. మా నడిపి కొడుకు పుట్టేనాటికి మేనమామ లేకుండె. గప్పుడు మా పక్కింటి సాయిబు ఏసిండు కత్తెర. చనిపోయేదాక వానికి పండుగకు బట్టలు తెచ్చిండు. నువ్వు సుత తెస్తవు. ఎక్కడికి తప్పిచ్చుకపోతవు?”

అనసూర్యకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకుంది.

“అక్కా, నేను చర్చి మనిషిని.”

“తెల్సు. మా పిలగాడు ఇంటికాడ బువ్వ ముందట కండ్లు మూసి ఆమెన్ అనంది ముద్ద ముట్టడు. నేను గంతసేపు గిన్నె పట్టుకొని కూసుంట.”

“బట్టలు కుడుత. ఒళ్లె కూసోవెట్టుకుంట. గుడిలకు మాత్రం రాను. గంతవరకే.”

“గుడిలకు నిన్నెవలు రమ్మన్నరే? కల్యాణకట్ట కాడి దాక రా. లోపటికి నేను తీస్కపోత.”

మంజుల తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. కిష్టవ్వ పోయాక మెల్లగా అడిగింది.

“అక్కా, సంఘపోల్లు అడిగితే?”

“పిల్లగాన్ని ఒళ్లె కూసోవెట్టుకునుడు నేను దినాం చేసేదే గదా, టీచరమ్మా. వాళ్లకు గదే చెప్పు.”

మంజుల ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలకు అదే చెప్పింది. ఒకాయన లేచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు వెళ్లలేదు.

కొలత కోసం అనసూర్య టేపు వాడలేదు. సన్నీ నిద్రపోతున్నప్పుడు జానతో భుజాలు కొలిచింది, బెత్తతో మెడ కొలిచింది. తెల్లటి నూలు బట్ట తెచ్చి, శనివారం పిల్లలు వెళ్లిపోయాక చొక్కా, నిక్కరు కుట్టింది. చొక్కాకు లోపల రెండు వేళ్ల వెడల్పు మడత వదిలింది. విప్పితే వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది. నేను ఆ చొక్కా చూశాను. లోపలి కుట్టు కూడా బయటి కుట్టులాగే ఉంది. తిరగేసి వేసుకున్నా ఎవరికీ తెలియదు.

సోమవారం పొద్దున కిష్టవ్వ, నవనీత, శ్యాంసుందర్, సన్నీ, అనసూర్య కరీంనగర్‌కు బస్సెక్కారు. అక్కడ దిగి వేములవాడ బస్సెక్కారు. సన్నీ దారి పొడుగునా కిటికీ పట్టుకొని నిలబడ్డాడు. కిష్టవ్వ వాడి జుట్టును ఒకసారి దువ్వి, అనసూర్యకు దువ్వెన ఇచ్చింది. “నువ్వే ఏయి జడ, నాకు గంత మంచిగ రాదు” అంది. తొమ్మిది రోజుల తర్వాత వాళ్ల మధ్య నడిచిన మొదటి మామూలు మాట అదే.

కల్యాణకట్ట దగ్గర రద్దీగా ఉంది. వరుస వచ్చాక అనసూర్య మఠం వేసుకొని కూర్చుంది. ఒళ్లో సన్నీని కూర్చోబెట్టుకొని, వాడి చుట్టూ తెల్ల గుడ్డ పరిచింది. ఒక్క వెంట్రుక కూడా నేల పడకుండా అంచులు పైకి మడిచింది.

క్షురకుడు చుట్టూ చూశాడు. “మేనమామ ఏడి?”

“గీమెనే” అంది కిష్టవ్వ.

“గీమె మేనమామ ఎట్లయితదవ్వా?”

“గదంత నీకెందుకయ్యా? పిల్లగాడు కదలకుంట పట్టుకున్నదా లేదా, గది చూడు.”

అతడు నవ్వి కత్తెర అందించాడు. “మూడు కత్తెరలెయ్యమ్మా.”

“రెండే” అంది కిష్టవ్వ. రొంటి నుంచి నల్లదారం ముడి ఉన్న మూట తీసి గుడ్డలో పెట్టింది. “ఒకటి ముందుగాల్నే పడ్డది.”

అనసూర్య కత్తెర పట్టుకుంది. గజాల కొద్దీ బట్ట గీత తప్పకుండా కోసిన చేయి. అయినా కత్తెర కిందికి దించి, చేయి చీరకు తుడుచుకుంది. సన్నీ తల వెనక్కి వంచి ఆమె ముఖం చూశాడు.

“నొస్తదా, ఆయమ్మా?”

“నొయ్యది. కదలకు.”

ఎడమ వైపు ఒకటి. నడినెత్తి మీద ఒకటి. రెండూ గుడ్డలోనే పడ్డాయి. కిష్టవ్వ ఊపిరి వదిలింది. ఆ తర్వాత క్షురకుడి కత్తి పడింది, సన్నీ ఏడ్చాడు, నవనీత కూడా ఏడ్చింది. శ్యాంసుందర్ వీడియో కాల్ పెట్టి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. అందులోంచి రాకేశ్ గొంతు వినిపించింది.

“అత్తా, నా నౌకరి ఆమెకిచ్చినవా? ఇగ పండుగ బట్టలు కూడ ఆమెనే తేవాలె, నాకేం ఫికర్ లేదు!”

“నువ్వు రా ముందుగాల, నీ బొక్కలిరుగ!” అంది కిష్టవ్వ ఫోన్ వైపు.

కొత్త చొక్కా తొడిగాక వాళ్లు గుడిలోకి పోయారు. అనసూర్య బయట నీడలో వాళ్ల చెప్పుల దగ్గర కూర్చుంది. తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది. ఆమె అక్కడ నుంచి కదలలేదు.

మంగళవారం పొద్దున కిష్టవ్వ చేతిలో బీడీల చాట ఉంది. చర్చి బడి ఎదురుగా హనుమండ్లు దుకాణం బల్ల మీద కూర్చొని పదిన్నర దాకా బీడీలు చుట్టింది. చాయ్‌కి వచ్చినవాళ్లలో ఎవరు అడిగినా ఒకటే చెప్పింది.

“మా మనవని మేనమామ గా బడిల పని చేస్తున్నది. ఎవలన్న ఏమన్న అనేదుంటే నాతోని అనుండ్రి.”

హనుమండ్లు ఆమెకు చాయ్ పోశాడు. దీపికను నిద్రలేపి, బొంత చంకలో పెట్టి, తానే రోడ్డు దాటించాడు. ఆ వారంలో పిల్లలు మళ్లీ పదిహేడు మంది అయ్యారు. ఇద్దరు రాలేదు, ఇప్పటికీ రాలేదు. వాళ్ల బొంతలను అనసూర్య కాగితంలో చుట్టి వాళ్ల ఇళ్లకు పంపింది.

మిషన్ పని ఆమె నాకు చెప్పింది. చక్రాన్నీ బెల్టునూ మూసేలా రేకు కోసి, అంచులు మడిచి, నాలుగు బోల్టులతో బిగించాను. కింద పిల్లల వేలు కూడా దూరదు. ఆమె కింద కూర్చొని, ప్రతి అంచూ చేత్తో తడిమి చూసింది. ఒకచోట గరుకుగా ఉందని ఆకురాయి పెట్టించింది. “పద్దెనిమిదేండ్ల కింద పెట్టియ్యాలె ఇది” అంది. నేనూ అప్పుడే చెప్పాల్సింది. మిషన్ చూశాను కానీ అది పిల్లల మధ్య ఉందని చూడలేదు.

నేను సామాను సర్దుకుంటుండగా మధ్యాహ్నం నిద్ర మొదలైంది. సన్నీ బోడిగుండుతో బొంత మీద నుంచి లేచి, పాక్కుంటూ వచ్చి, బల్ల కింద రేకు ముందు కూర్చున్నాడు.

“ఆయమ్మా, చక్రం ఏడవోయింది?”

“పండుకున్నది బిడ్డా. నువ్వు సుత పండు.”

వాడు నమ్మలేదు. రేకుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.